ఉన్ని కట్టించిన మఠం: ఫౌంటెన్స్ అబ్బే కథ

దృశ్యం: పొడవాటి రాతి హాలు. కెమెరా స్తంభాల వెంట మెల్లగా కదులుతుంది.

ఈ హాలు పొడవు దాదాపు 300 అడుగులు. మధ్యలో ఒకటే స్తంభాల వరుస. ఒక్కో స్తంభం నుంచి రాతి కమాన్లు తాటాకు విచ్చుకున్నట్టు రెండు వైపులా విచ్చుకుంటాయి. పక్కనే ఉన్న చర్చి కప్పు ఎప్పుడో పోయింది. సరుకులు దాచిన, పనివాళ్లు భోంచేసిన ఈ హాలు కప్పు మాత్రం ఎనిమిది వందల ఏళ్లుగా అలాగే ఉంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఈ క్రైస్తవ మఠం కథ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నాకనిపించింది.

దృశ్యం: స్కెల్ వాగు, చుట్టూ చెట్లు.

1132. యార్క్ నగరంలోని సెయింట్ మేరీస్ మఠంలో పెద్ద గొడవ. నియమాలు గాలికొదిలేసి సుఖాలకు అలవాటు పడ్డామని 13 మంది సన్యాసులు బయటికొచ్చేశారు. ఆర్చ్‌బిషప్ థర్‌స్టన్ వాళ్లకు రిపన్ దగ్గర, ఈ వాగు ఒడ్డున కొంచెం భూమి ఇచ్చాడు. అంతా ముళ్లపొదలు, రాళ్లు. అది డిసెంబర్ నెల, ఉత్తర ఇంగ్లండ్ చలి. ఒక పెద్ద ఎల్మ్ చెట్టు కింద తలదాచుకున్నారని, కరువొస్తే దాని ఆకులే ఉప్పేసి ఉడకబెట్టుకుని తిన్నారని మఠం వాళ్లే తర్వాత రాసుకున్నారు. చుట్టుపక్కల నీటి ఊటలు ఉండటంతో ఆ చోటికి ఫౌంటెన్స్ అనే పేరొచ్చింది.

కొన్నాళ్లకు వాళ్లు సిస్టర్షియన్ అనే కఠిన నియమాల క్రైస్తవ సన్యాసుల సంఘంలో చేరారు. రంగు వెయ్యని ఉన్ని బట్టలే కట్టాలి. ఆడంబరం ఉండకూడదు. సొంత కష్టంతోనే బతకాలి. కానీ అర్ధరాత్రి లేచి మొదలుపెడితే రోజంతా ప్రార్థనలే. మరి పొలం ఎవరు దున్నాలి?

అందుకే లే బ్రదర్స్ వచ్చారు. వీళ్లూ దీక్ష తీసుకున్నవాళ్లే. కాకపోతే ఎక్కువమందికి చదువు రాదు, ప్రార్థనలు తక్కువ, పని ఎక్కువ. మనం చూసిన హాలు వీళ్లదే. కింద భోజనం, సరుకులు. పై అంతస్తులో పడక. మాల్హమ్, నిడర్‌డేల్ కొండల దాకా మఠం గొర్రెల మందలు మేశాయంటే అది వీళ్ల చలవే. ఆ ఉన్నిని ఇటలీ వ్యాపారులు ముందుగానే డబ్బిచ్చి బుక్ చేసుకునేవారు. ఆకులు తిని బతికిన మఠం ఇంగ్లండ్‌లోనే గొప్ప ధనిక మఠాల్లో ఒకటైంది.

డబ్బుతో పాటు టెన్షన్ కూడా వచ్చింది. గొర్రెలకు జబ్బు చేసిన ఏడు అడ్వాన్సులు అప్పులుగా మారాయి. తర్వాత స్కాట్లాండ్ సేనల దాడులు, 1348లో మొదలైన ప్లేగు. పనిచేసే చేతులే కరువై, పొలాలు కౌలుకివ్వాల్సి వచ్చింది.

దృశ్యం: వార్మింగ్ హౌస్, పెద్ద పొయ్యి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. వంటగది, వైద్యశాల వదిలేస్తే సన్యాసులు చలి కాచుకోవడానికి ఉన్నది ఈ గది ఒక్కటే. ఈ పొయ్యి లోపల మనిషి నిలబడొచ్చు. అంత చలిలో వణుకుతూ వచ్చి, కాసేపు చేతులు కాచుకుని, మళ్లీ ఆ చల్లటి చర్చిలోకే వెళ్లేవారు. వాళ్ల మీద నాకు గౌరవం పుట్టింది ఈ గదిని తలుచుకున్నప్పుడే.

దృశ్యం: ఎత్తైన గోపురం.

1495లో మఠాధిపతి అయిన మార్మడ్యూక్ హ్యూబీ కట్టించిన గోపురం ఇది. ఎత్తు సుమారు 160 అడుగులు. ఎత్తైన గోపురాలు కట్టొద్దని తొలినాటి సిస్టర్షియన్ల నియమం. అయినా కట్టాడు.

1526లో హ్యూబీ పోయాడు. 1539 నవంబర్ 26న మఠం ఎనిమిదో హెన్రీ రాజు చేతికి వెళ్లిపోయింది. రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకున్న రాజు దేశంలోని మఠాలన్నిటినీ మూయించాడు. మరుసటి ఏడు లండన్ వ్యాపారి రిచర్డ్ గ్రెషమ్ దీన్ని కొన్నాడు. కప్పు మీది సీసం పీకేశారు. కప్పు పోయాక వాన, మంచు తమ పని చేశాయి. 1600 ప్రాంతంలో స్టీఫెన్ ప్రోక్టర్ ఇక్కడి రాళ్లతోనే పక్కన ఫౌంటెన్స్ హాల్ అనే భవంతి కట్టుకున్నాడు. 1767లో విలియం ఐస్లబీ శిథిలాలను కొని తన స్టడ్లీ రాయల్ తోటలో కలుపుకున్నాడు. ఆ తోటతో కలిపి 1986లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

దృశ్యం: గోపురం పైభాగం, క్లోజప్.

గోపురం చుట్టూ రాతిలో చెక్కిన లాటిన్ అక్షరాలు చూడండి. హ్యూబీ చెక్కించినవే. మన తెలుగు బైబిల్లో తిమోతి మొదటి పత్రికలో ఉన్న మాట అది: "అద్వితీయ దేవునికి ఘనతయు మహిమయు".