రేవుకి తన పేరు మిగిల్చిన రాణి

తమ్ముడు: రికార్డ్ అవుతోందా? ఆ, అవుతోంది. అందరికీ నమస్కారం. ఇవాళ అక్క ఎడిన్‌బరా నుంచి లైన్లో ఉంది. ఎవరో రాణి గురించి చెప్తానని వారం రోజులుగా ఊరిస్తోంది.

అక్క: ఊరించడం కాదురా, మొన్న ఆదివారం చూసొచ్చా. డన్‌ఫర్మ్‌లిన్ అని, ఇక్కణ్ణుంచి రైల్లో వెళ్లొచ్చు. ఆ ఊళ్లో ఒక కార్ పార్కింగ్ ఉంది, దాని కింద గుహ. 80కి పైగా మెట్లు దిగాలి. వెనకటి స్కాట్లాండ్ రాణి మార్గరెట్ అక్కడికి ఒంటరిగా వచ్చి ప్రార్థన చేసుకునేదని చెప్తారు. 1960ల్లో పార్కింగ్ కట్టేటప్పుడు గుహ పోయేదే, జనం పట్టుబట్టి ఉంచుకున్నారు. ఆవిడ పోయి 900 ఏళ్లు దాటింది, స్కాట్లాండ్‌లో పుట్టను కూడా లేదు!

తమ్ముడు: మరి ఎక్కడ పుట్టింది?

అక్క: హంగరీలో, 1045 ప్రాంతంలో. వీళ్లది ఇంగ్లండ్ రాజవంశం. తాత ఎడ్మండ్ 1016లో చనిపోయాక క్నూట్ అనే డేనిష్ రాజు సింహాసనం ఎక్కి, పసిపిల్లాడైన వీళ్ల నాన్నని దేశం దాటించేశాడు. ఆ పిల్లాడు చివరికి హంగరీ చేరి, పెద్దయ్యి, 1057లో కుటుంబంతో ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే పోయాడు. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు దండెత్తి రావడంతో మళ్లీ పరుగు. అమ్మ, తమ్ముడు, చెల్లెలితో మార్గరెట్ స్కాట్లాండ్ చేరింది. అక్కడ రాజు మూడో మాల్కం. డిగ్రీలో మాక్‌బెత్ నాటకం చదివావుగా, అందులో మాల్కం ఈయనే.

తమ్ముడు: పరీక్షకి ముందు రోజు గైడ్ చదివానక్కా, నాటకం కాదు.

అక్క: తెలుసులే. 1070 ప్రాంతంలో డన్‌ఫర్మ్‌లిన్‌లోనే పెళ్లయింది. ఆయనకి చదువు రాదు, ఈవిడకి పుస్తకాలంటే ప్రాణం. ఆవిడ చదివే పుస్తకాలు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, ఆవిడకి ఏది ఇష్టమో కనుక్కుని దాన్ని ముద్దు పెట్టుకునేవాడట. ఒక్కోసారి కంసాలిని పిలిపించి అట్టకి బంగారం, రాళ్లు వేయించేవాడు. ఈవిడేమో ఆయన డబ్బు తీసి బీదవాళ్లకి పంచేసేది. ఆయనకి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. అప్పుడప్పుడు పట్టుకుని దొంగా అని ఏడిపించేవాడట.

తమ్ముడు: ఇంతకీ ఏం చేసిందని అంత పేరు? యుద్ధాలా, కోటలా?

అక్క: ఏవీ లేవు. చర్చి పద్ధతులు సరిచేయించింది, ఇంగ్లండ్‌లోని కేంటర్‌బరీ నుంచి సన్యాసుల్ని పిలిపించింది, అనాథ పిల్లలకి తన చేత్తో తినిపించేది. నాకు అన్నిటికన్నా నచ్చింది పడవల సంగతి. ఫోర్త్ అనే పెద్ద నీటిపాయ దాటి తీర్థయాత్రకి వెళ్లేవాళ్లని ఉచితంగా దాటించే ఏర్పాటు చేసింది, రెండు ఒడ్డుల్లోనూ బస కట్టించింది. ఆ రేవుకి క్వీన్స్‌ఫెర్రీ అనే పేరు పడింది. 2017లో అక్కడ కొత్త వంతెన తెరిచి క్వీన్స్‌ఫెర్రీ క్రాసింగ్ అని పెట్టారు. ఇప్పుడు రోజూ పొద్దున ట్రాఫిక్ వార్తల్లో ఆ పేరు చెప్తారు, వినేవాళ్లకి ఏ రాణో గుర్తుండదనుకో.

తమ్ముడు: మహిమలు ఏమైనా ఉన్నాయా?

అక్క: ఒకటి. ఆవిడ సువార్త పుస్తకం దారిలో జారి నీళ్లలో పడిపోయింది. చాలాసేపటికి వెతికి తీస్తే అడుగున తెరుచుకుని పడి ఉంది, అక్షరాలు మాత్రం చెదరలేదట. 1887లో ఆక్స్‌ఫర్డ్ లైబ్రరీ వేలంలో ఒక చిన్న పాత పుస్తకాన్ని 6 పౌండ్లకి కొంది. దాని ముందు పేజీల్లో నీళ్లలో పడిన కథ పద్యంగా రాసి ఉంది. అదే ఇది! ఇప్పటికీ అక్కడే ఉంది.

తమ్ముడు: అబ్బ. ఆవిడ ఎలా పోయింది?

అక్క: 1093 నవంబర్ 13న మాల్కం, పెద్దకొడుకు ఇంగ్లండ్‌లోని ఆల్నిక్ దగ్గర పోరులో చనిపోయారు. మంచాన ఉన్న ఆవిడ ఆ కబురు విని, 16న ఎడిన్‌బరా కోటలో పోయింది. తర్వాత ముగ్గురు కొడుకులు వరసగా రాజులయ్యారు. కోటలో ఆవిడ పేరున్న చిన్న చర్చిని కట్టించింది వాళ్లలో చివరివాడు డేవిడ్. ఊరు మొత్తంలో నిలిచి ఉన్న కట్టడాల్లో అదే పాతది, మధ్యలో మందుగుండు దాచే కొట్టుగా కూడా వాడేశారు. 1250లో పోప్ సెయింట్‌గా ప్రకటించాడు. తర్వాత ఆవిడ తలని పవిత్ర వస్తువుగా వేరుగా దాచారు, 1566లో స్కాట్స్ రాణి మేరీ పురిటి సమయంలో దాన్ని దగ్గర పెట్టుకుంది కూడా. తర్వాత అది ఫ్రాన్స్ చేరింది, ఫ్రెంచ్ విప్లవంలో ఎటు పోయిందో పోయింది.

తమ్ముడు: ఆ ముద్దులు, డబ్బు దొంగతనాలు, ఇంట్లో సంగతులన్నీ మనకెలా తెలిశాయి?

అక్క: కూతురి వల్లరా. నన్నడిగితే ఈ పేరు మొత్తం ఆ పిల్ల నిలబెట్టిందే. చిన్నప్పుడే పిన్నితో కాన్వెంట్‌కి పంపేశారు, తర్వాత మటిల్డా పేరుతో ఇంగ్లండ్ రాణి అయింది. అమ్మ మొహం కూడా సరిగ్గా తెలియదు. అందుకని అమ్మకి దగ్గరగా మసిలిన టర్గట్ అనే సన్యాసిని, అమ్మ గురించి రాసిపెట్టమంది.

తమ్ముడు: రాణి అడిగితే పొగడక ఏం చేస్తాడు?

అక్క: పొగడ్తలకేం, పేజీలకి పేజీలు. కానీ పిల్లలు అల్లరి చేస్తే కొట్టి అయినా దారిలో పెట్టమని ఇంట్లో చూసుకునే మనిషికి చెప్పిందని కూడా రాశాడు. ఆ దెబ్బలు తిన్న పిల్లల్లో ఒకదానికే రాసిస్తున్నాడు చూడు!

తమ్ముడు: అక్కా, ఈ ఎపిసోడ్ మాత్రం అమ్మకి పంపకు.