ఈ కవిత ఎప్పటికి అవుతుంది పెద్దమ్మా?

అందరికీ నమస్కారమండీ. ఇవాళ ఎలక్ట్రానిక్ లిటరేచర్ గురించి నాలుగు మాటలు. ఈబుక్ కాదు, పీడీఎఫ్ కాదు, కంప్యూటర్ నడిపిస్తేనే ఉండే సాహిత్యం అన్నమాట. చరిత్ర చెప్పే టైం లేదు, ఒక్క కవిత గురించి చెప్తా.

తైవాన్‌లో టరోకో అని కొండల మధ్య ఇరుకు లోయ ఉంది, నేషనల్ పార్క్. 2009 జనవరిలో నిక్ మాంట్‌ఫర్ట్ అనే అమెరికా కవి అక్కడికెళ్లి, కొంత ఆ పార్కులో, కొంత తిరుగు విమానంలో కూర్చుని కవిత అల్లే ఓ చిన్న ప్రోగ్రాం రాశాడు. పేరు టరోకో గోర్జ్.

మా చెల్లెలి కూతురు ఎమ్మే ఇంగ్లీషు. క్లాసులో దీని లింకిచ్చారట, ల్యాప్‌టాప్‌లో తెరిచింది, లైన్లు వస్తున్నాయి, మంచు, రాయి, అడవి, మళ్లీ రాయి, పిల్ల వెళ్లి అన్నం తినొచ్చింది, ఇంకా వస్తూనే ఉన్నాయి. "పెద్దమ్మా, ఇది ఎప్పటికి అవుతుంది, నేను నోట్స్ రాసుకోవాలి" అంటుంది. అవదే తల్లీ. అది అవదు.

ఎందుకవదంటే అందులో ఉన్నది పోపులడబ్బా లాంటిది. ఓ గిన్నెలో పైన కనిపించేవి, మంచు, అడవి, రాయి. ఇంకో గిన్నెలో కింద కనిపించేవి, ప్రవాహం, మళ్లీ రాయి (రాయి రెండిట్లోనూ ఉంది, నాకు భలే నచ్చింది). వేరే గిన్నెలో క్రియలు. ప్రోగ్రాం తలా ఒకటి తీసి లైను కడుతూనే ఉంటుంది.

పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి వ్యూ పేజ్ సోర్స్ నొక్కితే ఆ మాటలన్నీ, కోడ్‌తో సహా కనిపిస్తాయి. స్కాట్ రెట్‌బర్గ్ అనే రచయిత వాటిని మార్చేసి టోక్యో గరాజ్ చేశాడు, జె.ఆర్. కార్పెంటర్ తిండి మాటలు పెట్టింది, తర్వాత ఇంకా బోలెడుమంది.

మా పిల్ల పాపికొండలు పెట్టింది. లాంచీ, వెదురు, ఇసుక, గోదావరి, సరంగు. మొదటి లైనే "లాంచీలు గోదావరి దాటుతుంది" అని వచ్చింది! ఇంగ్లీషులో చివర ఒక్క ఎస్ తగిలిస్తే, తీసేస్తే పనైపోతుంది, ఆ కోడ్ చేసేదీ అదే. మనకి లాంచీ దాటుతుంది, లాంచీలు దాటుతాయి, సరంగు దాటుతాడు. అందుకని సరంగుని దింపేసింది పాపం. మనుషులు లేకపోతే రెండే రూపాలు కదా, దాటుతుంది, దాటుతాయి, రెండు లిస్టులు పెట్టుకుంది. గోదావరిని, ఇసుకని, కొండల్ని అని విభక్తితో సహా రాసి ఇంకో లిస్టు.

నన్నడిగితే విద్యార్థులకి థియరీ తర్వాత చెప్పొచ్చండీ, ముందు ఇలా చెయ్యి పెట్టనివ్వాలి. మీరూ చూడండి. ఫైలు కాపీ చేసుకున్నాకే మార్చండి, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) పెట్టండి, లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులొస్తాయి. అసలు రాసినాయన పేరున్న లైను మాత్రం చెరపకండి.