మెతాల్ ఉర్బాన్: డ్రమ్మరు లేని పంక్

నమస్కారం. పంక్ సంగీతం, అంటే వేగంగా, కరకుగా సాగే రాక్, అనగానే లండన్, న్యూయార్క్ నగరాలే గుర్తుకు వస్తాయి. ఫ్రాన్సు పేరు ఎత్తేవారు అరుదు. అయితే ఐరోపాలో తొలి పంక్ ఉత్సవంగా చెప్పుకునేది 1976 ఆగస్టులో నైరుతి ఫ్రాన్సులోని మోన్ ద మార్సాన్ అనే చిన్న పట్టణంలో, మనుషులు ఎద్దులతో తలపడే ఆట కోసం కట్టిన ప్రాంగణంలో జరిగింది. దానిని నిర్వహించిన మార్క్ జెర్మాతీ స్కైడాగ్ అనే చిన్న రికార్డు కంపెనీని నడిపినవాడు. మరుసటి ఏడాది అదే ప్రాంగణంలో లండన్ పంక్ బృందం ది క్లాష్ కూడా వాయించింది.

కాబట్టి పంక్ ఫ్రాన్సుకు ఆలస్యంగా చేరిందనడం సరికాదు. పైగా అక్కడి ఒక బృందం ఆ సంగీతాన్ని లండన్ బృందాలు తొక్కని దారి పట్టించింది. 1976 చివరలో పారిస్‌లో ఏర్పడిన ఆ బృందం పేరు మెతాల్ ఉర్బాన్. అందులో డ్రమ్మరు లేడు, బేస్ గిటారు లేదు. ఆ రెండింటి స్థానంలో ఎరిక్ దెబ్రీ దరువును తానే వాయించే డ్రమ్ మెషీన్‌నూ, విద్యుత్తుతో స్వరాలు పుట్టించే సింథసైజర్‌నూ పెట్టాడు. వాటి మీద గిటార్లు రంపపు మిల్లులా కోస్తుంటే క్లోద్ పానిక్ ఫ్రెంచి భాషలో అరుస్తూ పాడేవాడు. మనిషి వాయించే డ్రమ్ములు ఉద్వేగాన్ని బట్టి కొంచెం ముందుకో వెనక్కో జరుగుతాయి, యంత్రం మాత్రం ఎవరి కోపాన్నీ లెక్క చేయకుండా ఒకే వేగంతో సాగిపోతుంది. 1977లో వచ్చిన ‘పానిక్’ అనే సింగిల్‌లో (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) భయం పుట్టించేది, నా దృష్టిలో, గాయకుడి అరుపుల కంటే ఆ నిర్వికారమే. న్యూయార్క్‌లో సూసైడ్ అనే జంట కూడా అప్పటికే యంత్రపు దరువుతో పాడుతోంది కానీ, వారి దగ్గర ఈ గిటార్ల దాడి లేదు.

ఈ బృందాన్ని ముందుగా గుర్తించింది లండన్. తర్వాతి కాలంలో ఎంతో పేరు తెచ్చుకున్న రఫ్ ట్రేడ్ అనే లండన్ రికార్డు సంస్థ విడుదల చేసిన మొట్టమొదటి రికార్డు వీరి ‘పారి మాకీ’. బీబీసీ రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్ తన కార్యక్రమం కోసం వీరిచేత పాడించాడు. ఫ్రాన్సులోనేమో 1981 వరకు రేడియో మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ఉండేది. సరిహద్దుల అవతల నుంచి ప్రసారమయ్యే వ్యాపార కేంద్రాలు జనాదరణ ఉన్న పాటల వైపే మొగ్గేవి. బీబీసీ కూడా ప్రజల సొమ్ముతో నడిచే సంస్థే కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ రాత్రి వేళ తనకు నచ్చిన పాట వేసుకునే స్వేచ్ఛను అది పీల్ అనే ఒక మనిషికి ఇచ్చింది.

మూడు సింగిల్స్, అవి కూడా మూడు వేర్వేరు కంపెనీల నుంచి: బృందం విడిపోయేనాటికి మిగిలింది అంతే. రాక్ చరిత్రను ఆల్బమ్‌ల లెక్కన రాసే అలవాటు వల్ల ఇలాంటి బృందాలు పుటల అడుగున చిన్న అక్షరాలలోకి జారిపోతాయి. ఆ పాటలను ఒకచోట చేర్చిన ఆల్బమ్ 1981లో గానీ రాలేదు.

రూఆన్ నగరానికి చెందిన డాగ్స్, పారిస్‌కు చెందిన స్టింకీ టాయ్స్ కూడా వినదగినవే, కానీ వారి సంగీతం అప్పటికి తెలిసిన రాక్ బాటలోనే నడిచింది. దెబ్రీ ప్రయోగానికి అసలైన కొనసాగింపు 1983లో మొదలైన బేరూరియే న్వార్ అనే బృందం. వారు కూడా డ్రమ్ మెషీన్‌తోనే పాడారు, దానికి ‘దెదే’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. పెద్ద కంపెనీల అండ లేకుండానే ఎదిగి, 1989 నవంబరులో పారిస్‌లోని ఒలింపియా వేదిక మీద వీడ్కోలు కచేరీలు చేశారు.