చలిదారి కొండ

అందరికీ నమస్కారం.

బొలీవియాలో లాపాజ్ నగరానికి 30 కిలోమీటర్ల దూరంలో చకల్తాయా అనే పర్వతం ఉంది. ఎత్తు 5,421 మీటర్లు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ కంటే ఎక్కువే. పేరు అక్కడి స్థానికుల ఐమారా భాషది. తాయా అంటే చలి. మొత్తం పేరుకు ‘చలిదారి’ అని అర్థం చెబుతారు.

1947లో 22 ఏళ్ల బ్రెజిల్ కుర్ర శాస్త్రవేత్త సెసార్ లాట్టెస్ ఈ కొండ మీద ఫొటో ప్లేట్లు పెట్టాడు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల జాడ వాటిలో పడుతుంది. కింద అయితే గాలి పొరలు చాలా కిరణాలను అడ్డుకుంటాయి, అందుకే అంత ఎత్తు. ప్లేటు కడిగి మైక్రోస్కోప్ కింద పెడితే నల్లటి చుక్కల వరస. ఒక గీత వచ్చి ఆగిపోతుంది. ఆగిన చోటు నుంచే ఇంకో గీత బయల్దేరి, అర మిల్లీమీటరు దాటి కాస్త దూరం పోయి ఆగుతుంది. ఏ ప్లేటులో చూసినా ఆ రెండో గీత పొడవు ఇంచుమించు అంతే! ఆ గీతలు పరమాణువు కంటే చిన్న కణాల జాడలు. మొదటిది పయాన్, రెండోది మ్యూయాన్. పయాన్ ఉందని అలా గట్టిగా తేలింది. 1950 నోబెల్ మాత్రం లాట్టెస్ పనిచేసిన బృందానికి పెద్ద అయిన సెసిల్ పావెల్‌కే దక్కింది.

ఇక్కడ మనవాళ్లను తలుచుకోకుండా ఉండలేను. అంతకు కొన్నేళ్ల ముందే మన శాస్త్రవేత్తలు విభా చౌధురి, డి.ఎం. బోస్ డార్జిలింగ్ కొండల మీద ఇలాంటి ప్లేట్లే పెట్టి చూశారు. యుద్ధం రోజులు కావడంతో మెరుగైన ప్లేట్లు దొరకలేదు. ఆ ఆలోచన వాళ్లకు ముందే వచ్చిందన్న సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇక మంచు సంగతి. 1939 నుంచి అక్కడ స్కీయింగ్ చేసేవాళ్లు. కారు ఇంజన్‌తో తాడు తిప్పి మనుషుల్ని పైకి లాగేవాళ్లు. ఆ కొండ మీది హిమానీనదం, అంటే మెల్లగా కిందికి జారే పెద్ద మంచుగడ్డ, వేల ఏళ్ల నాటిది. 1991 నుంచి శాస్త్రవేత్తలు కొలతలు తీసుకుంటూ వచ్చారు. 2015 దాకా ఉంటుందనుకున్నారు. 2009కే అయిపోయింది.

అక్కడ ఎండ నడినెత్తిన పడే కాలమే మంచు పడే కాలం కూడా. కొత్త మంచు తెల్లగా ఉండి ఎండను తిప్పికొడుతుంది. అది ఆలస్యమైతే పాత మురికి మంచు ఎండను పీల్చుకుని కరుగుతుంది. అంచున రాయి బయటపడిందా, అది పెనంలా వేడెక్కి పక్కనున్న మంచును తినేస్తుంది. చిన్న మంచుగడ్డకు ఇక తేరుకునే వీలుండదు.

ఐమారాలో ‘నయ్ర’ అంటే కన్ను. గతానికీ అదే మాట. మనం ‘వెనకటికి’ అంటాం, వాళ్లకు గతం కళ్ల ముందుంటుంది. స్కీయింగ్ వాళ్ల కోసం కట్టిన ఇల్లు అక్కడ ఇంకా ఉంది, చుట్టూ ఎర్రటి రాళ్లు. దాని దిగువన కాస్మిక్ కిరణాల ప్రయోగశాల ఇప్పటికీ నడుస్తోంది. నగరం నుంచి గాలిలో ఎంత మసి వస్తోందో ఇప్పుడు అక్కడ కొలుస్తున్నారు.