కత్తి దించిన సేనాని: పునీత నూనో ఆల్వారెస్ పెరీరాపై స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ మనం మాట్లాడుకోబోయేది పోర్చుగల్ సర్వసైన్యాధ్యక్షుడిగా ఒక్క యుద్ధం కూడా ఓడిపోని నూనో ఆల్వారెస్ పెరీరా గురించి. 63 ఏళ్ల వయసులో ఆస్తి, పదవి, బిరుదులు అన్నీ వదిలేసి మఠంలో చేరాడు. 2009లో కథోలిక శ్రీసభ ఆయన్ని పునీతుడిగా, అంటే సెయింట్‌గా, ప్రకటించింది. స్టూడియోలో చరిత్ర అధ్యాపకులు, ఒక కథోలిక గురువు, ఒక రచయిత్రి ఉన్నారు. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

రచయిత్రి: నా ప్రశ్న ఒక్కటే అండీ. చేతులకు అంత రక్తం అంటిన మనిషిని పునీతుడు అని ఎలా పిలుస్తాం? యుద్ధం గెలిచినవాణ్ణి వీరుడు అనండి, విగ్రహం పెట్టండి, అర్థం చేసుకుంటాను. దేవాలయంలో పీఠం మీద నిలబెట్టడం నాకు కష్టంగా ఉంది.

ఫాదర్: మంచి ప్రశ్న అమ్మా. చిన్నప్పుడు నాకూ వచ్చింది. కానీ జవాబు చెప్పే ముందు ఆయన కథ తెలియాలి. సార్ చెప్తే బాగుంటుంది.

అధ్యాపకుడు: 1360 జూన్ 24న పుట్టాడు. తండ్రి హాస్పిటలర్లు అనే సన్యాస యోధుల సభకు పోర్చుగల్‌లో పెద్ద. వాళ్లకు పెళ్లి నిషిద్ధం, అంటే నూనో వివాహేతర సంతానం. తర్వాత రాజు చట్టబద్ధం చేశాడు. పదమూడేళ్లకే రాణి కొలువులో చేరాడు. గలహాద్ అనే వీరుడి కథలు చదివి, ఆయనలాగే బ్రహ్మచారిగా ఉండిపోవాలనుకున్నాడట. తండ్రి మాట కాదనలేక పదహారేళ్లకు పెళ్లి చేసుకున్నాడు. పిల్లల్లో ఒక్క కూతురు బియాట్రిస్ మాత్రమే బతికింది.

వ్యాఖ్యాత: మరి యుద్ధం ఎందుకు వచ్చింది సార్?

అధ్యాపకుడు: 1383లో రాజు ఫెర్నాండో చనిపోయాడు. మగపిల్లలు లేరు. ఒక్కతే కూతురు, ఆమెను కాస్టిల్ (ఇప్పటి స్పెయిన్‌లోని రాజ్యం) రాజు హువాన్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. అంటే సింహాసనం పొరుగు రాజ్యం చేతికి పోతుంది. పెద్ద పెద్ద ప్రభువులు చాలామంది కాస్టిల్ వైపు వెళ్లిపోయారు. లిస్బన్ జనం, చిన్న కుటుంబాలవాళ్లు మాత్రం చనిపోయిన రాజు సవతి తమ్ముడు జువావ్ వెనక నిలిచారు. నూనో ఆ వైపు వచ్చాడు. ఆయన అన్నదమ్ములు పెద్రో, దియోగో అవతలి పక్షంలో ఉన్నారు.

రచయిత్రి: ఆ ఇంట్లో ఆ తల్లి పరిస్థితి ఏమిటో అని నాకు మొదట అనిపించింది.

అధ్యాపకుడు: ఆ ఊహ తప్పు కాదు మేడమ్. 1384 ఏప్రిల్ 6న అటోలైరోస్‌లో తొలి యుద్ధం గెలిచాడు. గుర్రాల మీద వచ్చే శత్రువును, తన మనుషులను గుర్రాలు దింపి, నేలమీద ఈటెలతో గుంపుగా నిలబెట్టి ఆపాడు. సరిగ్గా ఏడాదికి, 1385 ఏప్రిల్ 6న, కొయింబ్రాలో ప్రతినిధుల సభ జువావ్‌ను రాజుగా ఎన్నుకుంది. నూనో ఆయనకు సర్వసైన్యాధ్యక్షుడయ్యాడు. అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు.

ఇక అదే ఏడాది ఆగస్టు 14, అల్జుబరోట యుద్ధం. ఇవతల ఏడు వేలకు లోపే, అవతల అంతకు ఎన్నో రెట్లు. నూనో వాగుల మధ్య ఇరుకైన మెట్ట ఎంచుకున్నాడు. ముందు గోతులు తవ్వించాడు. ఎంత పెద్ద సైన్యమైనా అక్కడ కొద్దికొద్దిగా తప్ప ముందుకు రాలేదు. ఆ గోతులు తర్వాత తవ్వకాల్లో బయటపడ్డాయి. సాయంత్రం ఎండలో మొదలైన పోరు చీకటి పడకముందే అయిపోయింది. కాస్టిల్ రాజు పారిపోయాడు. నూనో సోదరులిద్దరూ అవతలి పక్షంలోనే చనిపోయారు.

ఫాదర్: ఆగస్టు 14 అంటే మరియమాత మోక్షారోపణ పండుగ ముందురోజు. మన విచారణల్లోనూ, అంటే మన చర్చి పరిధి ఊళ్లలోనూ, ఆ రోజు ఎంత సందడిగా ఉంటుందో తెలుసు కదా. ఆయన ఆ గెలుపు తనది అనుకోలేదు. ఆ తల్లి పేరున 1389లో లిస్బన్‌లో కార్మెల్ సభ సన్యాసులకు మఠం కట్టడం మొదలుపెట్టాడు. యుద్ధం జరిగిన చోట 1393లో పునీత జార్జికి ఒక చిన్న గుడి కట్టించాడు. ఆ రోజు తన మనుషులు పడ్డ దాహం గుర్తుగా, అక్కడ దారినపోయేవాళ్లకు కూజాలో నీళ్లు పెట్టే ఆచారం ఉంది.

వ్యాఖ్యాత: రాళ్ల మధ్య ప్రార్థన చేసిన కథ కూడా ఉంది కదా ఫాదర్?

ఫాదర్: వల్వెర్డె యుద్ధంలో, 1385 అక్టోబరులో. శత్రువుల భూమిలో పోరు సాగుతుండగా సేనాని కనిపించలేదు. మనుషులు కంగారుగా వెతికితే బండరాళ్ల మధ్య మోకాళ్ల మీద ఉన్నాడు. పదమని తొందరపెడితే ఇంకా సమయం కాలేదన్నాడు. ప్రార్థన పూర్తి చేసి, లేచి వెళ్లి గెలిచాడు. పాత చరిత్రకారులు రాసిన కథ ఇది.

రచయిత్రి: ఫాదర్, నాకు అదే భయం. ప్రార్థన చేసి వెళ్లి చంపడం. దేవుడు మనవైపే ఉన్నాడని నమ్మిన సైన్యాలు ఎన్ని ఊళ్లు తగలబెట్టలేదు? ఇంకో మాట. స్వదేశాన్ని కాపాడుకోవడం సరే. 1415లో సియూటా సంగతి? ఆఫ్రికా తీరంలో పరాయివాళ్ల పట్టణం మీదికి వెళ్లారు. ఆ దండయాత్రలో ఈయన కూడా ఉన్నాడు.

ఫాదర్: ఉన్నాడు. దాన్ని నేను సమర్థించను అమ్మా. ఒక మనిషిని పునీతుడు అన్నంత మాత్రాన ఆయన చేసిన ప్రతి పనికీ శ్రీసభ ముద్ర వేసినట్టు కాదు. నేను ఆయన్ని ప్రేమించేది సియూటా వల్ల కాదు, అల్జుబరోట వల్ల కూడా కాదు. ఆ తర్వాత ఆయన ఏం చేశాడో దానివల్ల.

అధ్యాపకుడు: ఇక్కడ ఆస్తి సంగతి చెప్పాలి. రాజు తర్వాత దేశంలో అంత భూమి ఉన్నవాడు ఇంకొకడు లేడంటారు. మూడు చోట్ల కౌంట్ అనే ప్రభు హోదా, బార్సెలోస్, ఔరేం, అర్రయోలోస్. తనతో పోరాడినవాళ్లకు భూములు పంచితే రాజుకే నచ్చక గొడవ అయింది. భార్య 1388లోనే పోయింది. కూతురు పెళ్లి రాజు కొడుకు అఫోన్సోతో జరిగింది, ఆ కూతురు కూడా ఆయన బతికుండగానే చనిపోయింది. మిగిలింది మనవళ్లకు, మనవరాలికి రాసిచ్చేశాడు.

ఒక్క విశేషం చెప్పి వదిలేస్తాను. ఆ మనవరాలి కూతురికి పుట్టిన ఇసబెల్లా తర్వాత కాస్టిల్‌కే రాణి అయింది. ఏ రాజ్యాన్ని ఈయన ఆపాడో, ఆ సింహాసనం మీద ఈయన రక్తమే కూర్చుంది. మనవళ్ల వైపు వచ్చిందే తర్వాత పోర్చుగల్‌ను ఏలిన బ్రగాంజా వంశం. ఆ ఇంటి ఆడపడుచు కేథరిన్ కట్నంగానే 1661లో బొంబాయిని ఇంగ్లండ్ రాజుకు రాసిచ్చారు.

వ్యాఖ్యాత: మన పాలమూరు వలస కూలీలు వెళ్లిన బొంబాయే!

ఫాదర్: 1423లో తాను కట్టించిన మఠంలోనే చేరాడు. అక్కడ పేరు సహోదరుడు నూనో, మరియమాత పేరు కూడా చేర్చి. గురువు (ప్రీస్ట్) కావాలని కోరలేదు. మఠానికి తనను తాను ఇచ్చుకున్న మామూలు సేవకుడిగా ఉండిపోయాడు. దేశం వదిలి, తననెవరూ గుర్తుపట్టని మఠానికి పోవాలని చూస్తే యువరాజు దువార్తే ఆపాడు. పేదల సేవను మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. రోజూ తలుపు దగ్గర ఆకలితో వచ్చేవాళ్లకు అన్నం పెట్టించాడు. రాజు పంపిన భృతి కూడా వాళ్లకే పోయేది.

రచయిత్రి: ఆ అంగీ కింద కవచం వేసుకుని ఉండేవాడనీ, కాస్టిల్ మళ్లీ వస్తే కత్తి పడతానన్నాడనీ ఒక కథ ఉంది.

అధ్యాపకుడు: జనం చెప్పుకునే కథ మేడమ్. వాళ్లకు సేనాని కావాలి, వదులుకోలేరు.

ఫాదర్: ఆయన మాత్రం వదులుకున్నాడు. 1431లో కన్నుమూశాడు. జనం అప్పటినుంచే పునీత సేనాని అని పిలుచుకున్నారు. పునీతుడికి ముందు మెట్టయిన ధన్యుడు అని ప్రకటించింది 1918లో. 2000లో చేపలు వేయిస్తుండగా వేడి నూనె చింది కన్ను దెబ్బతిన్న ఒక ఇల్లాలు ఈయనను వేడుకుంది, చూపు తిరిగి వచ్చింది. దాన్ని పరిశీలించాకే 16వ బెనెడిక్ట్ జగద్గురువులు (పోప్) 2009 ఏప్రిల్ 26న పునీత పట్టం ఇచ్చారు.

వ్యాఖ్యాత: మేడమ్, మీ ప్రశ్నకు జవాబు దొరికిందా?

రచయిత్రి: సియూటా విషయంలో దొరకలేదు, ఫాదర్ కూడా దొరికిందని అనలేదు, అందుకు గౌరవిస్తాను. కానీ ఆ మఠం తలుపు దగ్గర గిన్నె పట్టుకున్న ముసలాయన నన్ను వదలడం లేదు. ఆ లైన్లో ఆయన సైన్యంలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లు కూడా నిలబడి ఉండరా?

ఫాదర్: ఉండే ఉంటారు అమ్మా.