కంప్యూటర్ మూగబోతే
(విజయవాడలో బ్రెయిలీ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకీ పెద్దలకీ నమస్కారం. వేదిక మీదున్న అందరి పేర్లూ చెబితే నా పది నిమిషాలూ దానికే సరిపోతాయి, మన్నించండి. 1809 జనవరి 4న పుట్టిన లూయీ బ్రెయిలీ గురించి మాట్లాడమన్నారు. ఆరు చుక్కలతో మాకు చదువిచ్చిన మహానుభావుడు. ఆ సంగతి నా ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పేశారు. నేను సౌండ్ కార్డు గురించి మాట్లాడతాను. నవ్వకండి.

నాకు పుట్టుకతో చూపు లేదు. ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్ తెర మీదున్నది చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు. అందులో ఈస్పీక్ గొంతు తెలుగు కూడా పలుకుతుంది, కాస్త ముక్కుతో పలికినట్టున్నా.

ఈ ఊళ్లోనే ఒకచోట కోర్సులో చేరాను, పేరెందుకు లెండి. ప్రాక్టికల్స్ అన్నీ వర్చువల్ మెషిన్‌లో. అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్. నలభై నిమిషాలు కూర్చున్నా లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ల్యాబ్‌లో ఆయన్ని అడిగితే ‘సౌండ్ కార్డు పోయుంటదండీ’ అన్నాడు. హెడ్‌ఫోన్ పిన్ను పీకి మళ్లీ గుచ్చాను. బయటి కంప్యూటర్ టింగుమంది. పోయిందెక్కడ?

జరిగిందేమిటంటే, పాత విండోస్ ఎక్స్‌పీకి పెట్టిన సెట్టింగులే కాపీ కొట్టారు. వర్చువల్ మెషిన్ని నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాములో ఆడియో కంట్రోలర్, అంటే లోపలి కంప్యూటర్‌కి సౌండ్ కార్డు లాంటిది, ఏసీ97 అనే పాత రకం అని ఉంది. 64 బిట్ విండోస్ 7లో దానికి డ్రైవర్, అంటే దాన్ని పలికించే చిన్న ప్రోగ్రాము, ఉండదు. డ్రైవర్ వేసుకుందామంటే నాకు వినపడాలి. వినపడాలంటే డ్రైవర్ ఉండాలి. పోనీ బయటి ఎన్‌విడిఎ చదువుతుందా అంటే, దానికి లోపలి తెరంతా ఒట్టి బొమ్మ. అక్షరం ముక్క దొరకదు. ఆ వేళ పక్క సీటు కుర్రాడు పాపం తన పని మానుకుని నాకు చదివి పెట్టాడు.

వెనక వరుసలో కాలేజీ పిల్లలున్నారట, మీకే చెబుతున్నా. బ్యారేజీ నిండా నీళ్లున్నా లాకులు ఎత్తకపోతే రైవస్ కాలవకి చుక్క రాదు. ఇదీ అంతే. వర్చువల్ మెషిన్‌ని పూర్తిగా ఆపండి, నడుస్తుండగా కంట్రోలర్ మారదు. ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ఎంచుకోండి. ఆడియో అవుట్‌పుట్‌కీ ఇన్‌పుట్‌కీ టిక్కులు విడివిడిగా ఉంటాయి; మైకు కావాలంటే రెండోదీ పెట్టాలి. వర్చువల్‌బాక్స్ లాంటిదే ఇంకోటి క్యూఈఎంయూ; అది వాడేవాళ్లు హెచ్‌డీఏ అవుట్‌పుట్ పెడితే వినడమొక్కటే, హెచ్‌డీఏ డూప్లెక్స్ పెడితే మన మాట లోపలికి పంపడం కూడా. ఆఖరికి బయటి కంప్యూటర్ మ్యూట్‌లో ఉందేమో చూడండి. అదీ ఒక లాకే.

ఇదంతా నేను ఇంటికొచ్చి, తలుపేసుకుని, నాలుగు రాత్రులు తడుముకుని నేర్చుకున్నాను. ల్యాబ్ ఆయనకి అయితే ఒక్క నిమిషం పని. మర్నాడు వెళ్లి చెబితే ఏమన్నాడో తెలుసా? ‘సౌండొస్తే పక్కవాళ్లకి డిస్టర్బెన్స్ కదండీ.’

హెడ్‌ఫోన్ నా చెవికే ఉంది బాబూ!

కాలేజీల్లో ల్యాబులు చూసేవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, రేపు పొద్దున వెళ్లి ఒక్క వర్చువల్ మెషిన్ తెరిచి, మీ మానిటర్ ఆపేసి కూర్చోండి. వినపడితే సరే, లేకపోతే ఆ టిక్కు పెట్టండి.

గంట కొట్టారు, వినపడింది. బ్రెయిలీ గురించి వచ్చే ఏడాది చెబుతానండి.