మింగేసిన ప్రశ్న

[దృశ్యం: నల్లగొండలో ఒక ఆసుపత్రి వార్డు. రాత్రి రెండు గంటలు. కేస్ షీట్ పట్టుకుని లైటు కింద నిలబడిన స్టాఫ్ నర్సు.]

షీట్‌లో ఇన్సులిన్ మోతాదు రాసి ఉంది. 4 అంకె, పక్కనే యూనిట్లకు గుర్తుగా ఇంగ్లిషు 'యు' అక్షరం. తొందరలో రాసిన ఆ అక్షరం అచ్చం సున్నాలా ఉంది. 4 యూనిట్లా, 40 యూనిట్లా? పొరపాటున 40 ఇస్తే రక్తంలో చక్కెర పడిపోయి రోగి ప్రాణం మీదికి వస్తుంది.

పెద్ద డాక్టరుకు ఫోను చేస్తే నిమిషంలో తేలిపోతుంది. ఆమె చేయలేదు. పోయిన వారం ఇలాగే అడిగినందుకు రౌండ్స్‌లో రోగుల బంధువులందరి ముందు "నీకు చదువు ఎవరు చెప్పారు?" అని నిలబెట్టి తిట్టారు. అందుకే పాత షీట్లు తిరగేసి, 4 అయి ఉంటుందని ఊహించి ఇచ్చింది. ఆ రాత్రికి ఊహ సరిపోయింది.

ఈ సన్నివేశం నేను కల్పించిందే. కానీ ఫోను దాకా వెళ్లి వెనక్కి వచ్చిన చేయి చాలామంది నర్సులకు తెలుసు.

[దృశ్యం: వ్యాఖ్యాత కెమెరా ముందు.]

ఒకరోజు విసుక్కోవడం వేరు, రోజూ పరువు తీయడం వేరు. అమెరికా పరిశోధకుడు బెన్నెట్ టెప్పర్ 2000లో ఈ రెండో దాన్నే నిర్వచించారు: చేయి చేసుకోకుండా, మాటతోనో ప్రవర్తనతోనో పై అధికారి పదేపదే చూపే శత్రుత్వం. నలుగురిలో అవమానించడం, పలకరిస్తే ముఖం తిప్పుకోవడం, కింది వాళ్ల కష్టాన్ని తనదిగా చెప్పుకోవడం అన్నీ ఇందులోకే వస్తాయి.

డ్యూటీ ముగిశాక కూడా, దేవరకొండ నుంచి వచ్చిన ముసలాయనకు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఇంకోసారి చెప్పే నర్సు ఉంటుంది. ఆ పని ఏ డ్యూటీ చార్టులోనూ ఉండదు. తిట్లు మొదలయ్యాక ముందు పోయేది అదే. తరువాత కొత్తగా చేరిన వాళ్లకు మెళకువలు చెప్పడం ఆగిపోతుంది. కాంట్రాక్టు ఉద్యోగికి రెన్యువల్ భయం కూడా తోడవుతుంది కనుక నోరు మరింత త్వరగా మూతపడుతుంది. దీన్ని బద్ధకం అనడం అన్యాయం.

[దృశ్యం: ఇంక్యుబేటర్, చుట్టూ వైద్య బృందం.]

ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల వైద్యం చేసే 24 బృందాలకు ఉత్తుత్తి రోగిని ఇచ్చి పరీక్షించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. బయటి నిపుణుడు అమర్యాదగా మాట్లాడిన బృందాలు రోగ నిర్ధారణలోనూ చికిత్సలోనూ వెనకబడ్డాయి. ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయాయి. ఒక్కరోజు, ముక్కూ ముఖం తెలియని మనిషి అన్న మాటలకే ఇలా అయితే, ఏళ్ల తరబడి సొంత అధికారి అంటుంటే?

ఇంకో సంగతి. అమెరికా పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు తేలింది. అక్కడ భయం లేదు కనుక చెప్పుకున్నారు. అందుకే, పొరపాట్ల రిజిస్టరు ఖాళీగా ఉందని సంతోషించే సూపరింటెండెంట్లను చూస్తే నాకు దిగులు.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వార్డుకు వచ్చే విద్యార్థి సూది వేయడంతో పాటు, సూది వేసే మనిషితో ఎలా మాట్లాడాలో కూడా అక్కడే నేర్చుకుంటాడు.

[దృశ్యం: మళ్లీ అదే వార్డు. ఫోను మోగుతుంది.]

అధికారులకు నా విన్నపం ఒక్కటే. అర్ధరాత్రి ఫోను వస్తే "అడిగి మంచి పని చేశావమ్మా" అని మొదలుపెట్టి, తరువాత మోతాదు చెప్పండి. మోతాదు రాసేటప్పుడు 'యూనిట్లు' అనే మాట పూర్తిగా రాయండి.